నేస్తాలంతా కలిసి అండమాన్ వెళ్లాలంటే: తేదీ ఎంచుకోవడం నుంచి లెక్క తేల్చుకోవడం దాకా

డిగ్రీలో ఒకే హాస్టల్లో ఉన్న ఆరుగురు ఆడవాళ్లం మేము. ఒకరిది రాజమండ్రి, ఒకరిది కరీంనగర్, ఒకరిది విశాఖ, ఇద్దరు హైదరాబాద్‌లో ఉంటారు, నేను కాకినాడ. "ఈ ఏడైనా ఎక్కడికైనా వెళ్దామే" అని నాలుగేళ్లు అనుకుని, ఐదో ఏట అండమాన్ వెళ్లొచ్చాం. అప్పటి నుంచి ఆఫీసులో, చుట్టాల్లో ఎవరు అడిగినా చెబుతున్న మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీరు ఆడవాళ్లే అయినా, మగవాళ్లే అయినా, కలిసి వెళ్లినా ఇందులో చాలామటుకు పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. దీవుల్లో రోజు మన చేతిలో ఉండదు. పడవ వేళ, పొద్దు గుంకే వేళ, ఆటుపోట్లు, గాలి, ఈ నాలుగూ కలిసి మన రోజును నడిపిస్తాయి. ఇంటి దగ్గరే వీటికి తగ్గట్టు సర్దుకుంటే అక్కడికి వెళ్లాక ఒకరి మీద ఒకరికి విసుగు రాదు. మా ప్రయాణంలో వచ్చిన ప్రతి మాట తేడా ముందు తేల్చుకోని విషయం దగ్గరే వచ్చింది.

పేర్లు తెలుసుకోండి

టికెట్ల దగ్గర తికమక పడకుండా ఇది ముందే చెబుతున్నాను. 2018 డిసెంబరులో హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనబడతాయి, ఆటోవాళ్ల నోట పాత పేర్లే వినబడతాయి. నేను జనం వాడే పేర్లే రాస్తాను.

మొదటి పని: తేదీకి పంచాంగం చూడండి

నవంబరు నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికంటే ముందే, మే మూడో వారానికల్లా అక్కడికి చేరతాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎలా ఉంటాయో కోస్తా వాళ్లకు చెప్పక్కర్లేదు. డిసెంబరు ఆఖరి వారం జనం ఎక్కువ, రేట్లూ ఎక్కువే. పిల్లల పరీక్షలకు అడ్డం రాకుండా మేము జనవరి నెలాఖరు పెట్టుకున్నాం.

తర్వాత తిథి చూసుకోండి. ముహూర్తం కోసం అనుకునేరు, సముద్రం కోసం. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. నీల్ దీవిలో రాతి వంతెన చూడాలంటే నీళ్లు బాగా తీయాలి కాబట్టి ఆ రోజులు అనుకూలం. చీకటి రాత్రుల్లో అయితే హావ్‌లాక్‌లో మడ అడవుల పక్కన కయాక్ అనే చిన్న పడవ మీద తీసుకెళ్లి, తెడ్డు కదిలినప్పుడల్లా నీళ్లు నీలంగా మెరవడం చూపిస్తారు. నీటిలోని కంటికి ఆనని జీవులు కదలికకు వెలుగుతాయి, వెన్నెల ఉంటే ఆ వెలుగు తెలియదు. పౌర్ణమికి వెళ్తే ఆ మెరుపు పోతుంది గానీ, హావ్‌లాక్‌కు తూర్పున విజయ్‌నగర్ ఒడ్డున కూర్చుంటే చంద్రుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. మేము అమావాస్య ఎంచుకున్నాం. మళ్లీ వెళ్తే పౌర్ణమికి వెళ్తాను.

రెండో పని: టికెట్లు ఏ వరసలో కొనాలి

విమానం, తర్వాత దీవుల మధ్య పడవ, ఆ తర్వాతే గది. చాలామంది ముందు గది తీసుకుంటారు. తీరా పడవలో ఆరు సీట్లు ఒకేసారి దొరక్క గుంపు రెండు ముక్కలవుతుంది.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంటుంది. లేదా చెన్నై మీదుగా వెళ్లొచ్చు, అక్కణ్నుంచి రెండు గంటల పైచిలుకు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ కూడా ఉంది. సుమారు 1,200 కిలోమీటర్లు, దాదాపు మూడు రోజుల ప్రయాణం. అయితే తరచూ ఉండదు, పది రోజుల సెలవు దొరికిన వాళ్లకు అది కుదరదు. మా విశాఖ నేస్తం మేనమామలు చేపల పని మీద ఆ ఓడలోనే వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. అక్కడ మన శ్రీకాకుళం, విశాఖ తీరం వాళ్లు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే. చేపల బజారులో "ఎంతండీ" అని అడగండి, జవాబు తెలుగులో వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

పడవల్లో రెండు రకాలు. సర్కారు పడవలు చవక, ఫీనిక్స్ బే రేవు నుంచి బయల్దేరతాయి. ప్రైవేటు ఏసీ పడవలు వేగంగా, గంటన్నర నుంచి రెండు గంటల్లో హావ్‌లాక్ చేరుస్తాయి. వాటిలో బయట నిలబడనివ్వరు, సర్కారు పడవల్లో డెక్ మీద గాలి తగులుతుంది. టికెట్ మీద పేరు ఆధార్ మీద ఉన్నట్టే ఉండాలి. మాలో ఒకరి పెళ్లికి ముందు ఇంటిపేరు, తర్వాతి ఇంటిపేరు కలగలిసి రేవులో పావుగంట చెమటలు పట్టాయి.

మన దేశం వాళ్లకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ వెళ్లడానికి వేరే పర్మిట్ అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న స్నేహితులెవరైనా కలుస్తుంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు ఇచ్చేది) ఉంది కదా అని ఊరుకోకుండా వాళ్ల నిబంధనలు బయల్దేరక ముందే చూసుకోమనండి. నికోబార్‌కు మాత్రం సరదాగా వెళ్లడం కుదరదు.

ఇక గట్టిగా పట్టుకోవాల్సిన నియమం: ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. హావ్‌లాక్ నుంచి పొద్దున పడవలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామనే ఆలోచన వద్దు. 2016 డిసెంబరులో గాలివానకు పడవలు ఆగిపోయి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. మాకు వాన కూడా లేదు, గాలికే ఒక రోజు పడవలు ఆపేశారు. చేతిలో ఖాళీ రోజు ఉంది కాబట్టి విమానం పోలేదు.

మాకు సరిపోయిన లెక్క ఏడు రోజులు, ఆరు రాత్రులు: పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి, హావ్‌లాక్‌లో మూడు, నీల్‌లో ఒకటి, మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి.

మూడో పని: డబ్బు, గదులు, ఎవరికి ఏది వద్దో

ఇది బయల్దేరడానికి వారం ముందు అందరూ ఫోన్లో కలిసి తేల్చుకోవాల్సిన పని.

ఉమ్మడి సంచి పెట్టుకోండి. మేము మనిషికి 5,000 వేసి, పద్దు మా కరీంనగర్ నేస్తానికి అప్పజెప్పాం. తను బ్యాంకులో పనిచేస్తుంది, రూపాయి పోనివ్వదు. ఆటో, టిఫిన్, భోజనం, కొబ్బరిబోండాలు ఆ సంచిలోంచి. డైవింగ్, చీరలు, ముత్యాల దండలు ఎవరివి వాళ్లవి. రోజూ రాత్రి పడుకునే ముందు పద్దు గట్టిగా చదివి వినిపించాలి, ఇది మానొద్దు. సంచి అయిపోతే అందరూ మళ్లీ సమానంగా వేయాలి. "నేను పెడతాలే, తర్వాత చూసుకుందాం" అనే మాటే ఎవరి నోటా రానివ్వకండి. ఆ "తర్వాత" ఏళ్ల తరబడి మనసులో ఉండిపోతుంది.

ఒకరికి చేతిలో డబ్బు తక్కువ ఉంటే అది ఎవరో ఒక్కరు విడిగా ముందే కనుక్కోవాలి. గది స్థాయి వాళ్లకు తగ్గట్టు పెట్టుకోవాలి గానీ అందరిలో కారణం చెప్పించకూడదు. మేము సముద్రం ఎదురుగా ఉన్న గదులు వదిలి, రోడ్డుకు అవతల వెదురు కాటేజీలు తీసుకున్నది అందుకే. ఒడ్డుకు నాలుగు నిమిషాల నడక, ఎవరికీ లోటనిపించలేదు.

నోట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసి పెట్టుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక నెట్ బాగుపడింది గానీ, చిన్న దీవుల్లో సిగ్నల్ పోయినప్పుడు ఫోన్‌పే నమ్ముకుంటే బోండాం కూడా కొనలేరు.

గదులు పంచుకునేటప్పుడు స్నేహం కాదు, నిద్ర చూడండి. తెల్లారగట్ల లేచేవాళ్లు ఒక గదిలో, గురక పెట్టేవాళ్లు ఒక గదిలో. ఏసీ పడనివాళ్లను ముందే అడగండి.

తర్వాత ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు అడగండి: "నీకు తప్పకుండా కావాల్సింది ఏంటి? నీకు అసలు వద్దనేది ఏంటి?" మా రాజమండ్రి నేస్తం "నన్ను నీళ్లలోకి దిగమనొద్దు" అంది. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. చిన్నప్పుడు పుష్కరాల రేవులో మునిగి తేలిందట, ఇన్నేళ్ల స్నేహంలో ఆ సంగతి మాకు తెలియనే తెలియదు. అడగబట్టి తెలిసింది. అడక్కపోతే అక్కడ అందరం కలిసి చేయి పట్టి లాగేవాళ్లం, నవ్వుతూనే లాగేవాళ్లం. మీ గుంపులోనూ అలాంటివాళ్లు ఒకరుంటారు. వాళ్లను బతిమాలొద్దు, బనాయించొద్దు. వాళ్లకోసం గాజు అడుగు పడవ ఉంది, ఒడ్డున నీడ ఉంది. తను మూడో రోజు తనంతట తనే మోకాళ్ల లోతుకు వచ్చి నిలబడింది. మేమెవరం ఏమీ అనలేదు. ఊరికే పక్కన నిలబడ్డాం.

నాలుగో పని: సంచిలో ఏం పెట్టుకోవాలి

చున్నీలు, చీరలు ఒడ్డుకే. నీళ్లలో పమిట కాళ్లకు చుట్టుకుంటుంది, జెట్ స్కీ మీద చున్నీ ఎగిరితే మెడకే ప్రమాదం. పొడుగు చేతుల టీషర్టు, లెగ్గింగ్స్ లేదా మోకాళ్ల కింది దాకా వచ్చే ఈత బట్టలు చాలు, ఎండకూ అవే కాపలా. జీన్స్ తడిస్తే బరువు, ఆరవు. తడిసినా జారని చెప్పులు తీసుకోండి, పగడపు రాళ్లు పాదాలు కోస్తాయి. శానిటరీ ప్యాడ్లు సరిపడా తీసుకెళ్లండి, చిన్న దీవుల అంగళ్లలో మీకు అలవాటైన రకం దొరకకపోవచ్చు.

మందుల్లో ముఖ్యం పడవ తిప్పుడుకు వాడేది. మీ డాక్టరును అడిగి తీసుకుని, పడవ ఎక్కే ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, దురదకు రాసే మందు కూడా పెట్టుకోండి. ఒడ్డున ఇసుక ఈగలు కుడతాయి, కుట్టినప్పుడు తెలియదు, రాత్రికి దద్దుర్లు లేస్తాయి. గోకితే పుండు పడుతుంది. ఇసుకలో ఒట్టిగా పడుకోకుండా దుప్పటి పరుచుకోండి.

ఆవకాయ సీసా, కరివేపాకు కారం మా విశాఖ నేస్తం తెచ్చింది. నాలుగో రోజుకు దాని విలువ అందరికీ తెలిసింది.

పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి రోజు

పొద్దున విమానానికే వెళ్లండి. గడియారం మనదే గానీ పొద్దు మనకంటే బాగా ముందు. జనవరిలో సాయంత్రం ఐదుంపావుకు సూర్యుడు దిగిపోతాడు. మూడింటికి భోజనం ముగించి "ఇక బీచ్‌కు వెళ్దాం" అంటే చీకటి పడుతుంది. ఈ వారం పాటు ఐదింటికి లేచి, తొమ్మిదికి పడుకోవాలని ముందే అనుకోండి.

ఆ మధ్యాహ్నం సెల్యులార్ జైలుకు కేటాయించండి. సెలవు రోజులు ముందే కనుక్కోండి. 1906లో కట్టడం పూర్తయింది, ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక రెక్క ముఖం ఇంకో రెక్క వీపు వైపు ఉంటుంది, ఖైదీకి ఖైదీ కనబడకూడదని అలా కట్టారు. మన అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను జీవిత ఖైదుకు అండమాన్‌కే పంపారు. విడుదలై వచ్చాక 1952లో ఆయన విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గుంపుగా వెళ్లినప్పుడు ఇక్కడ కాసేపు విడిపోండి. ఒక్కో కొట్లో ఒక్కరే ఐదు నిమిషాలు నిలబడండి. మేం అలాగే చేశాం, బయటికొచ్చాక చాలాసేపు ఎవరికీ మాట రాలేదు.

హావ్‌లాక్‌లో: నీళ్ల దగ్గర నియమాలు

పడవలో మధ్య సీట్లు, వెనక వైపువి అడగండి, ఊపు తక్కువ. ఫోను చూడకుండా దూరంగా నీటి అంచును చూస్తూ కూర్చోండి.

రాధానగర్ ఒడ్డుకు మధ్యాహ్నం మూడింటికల్లా చేరితే పొద్దు గుంకేదాకా తీరిగ్గా ఉండొచ్చు. పడమటి ఒడ్డు, తెల్లటి ఇసుక, వెనకంతా ఎత్తైన చెట్లు. జెండాలు, బోర్డులు చూశాకే దిగండి. అండమాన్ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్ దగ్గర ఒక అమెరికన్ యువతి మొసలి వాత పడింది. మొసలి బోర్డు ఉన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల పక్కన, చీకటి పడ్డాక నీళ్లలోకి వద్దు. కాపలావాళ్లు ఈల వేస్తే వాదించకుండా బయటికి రండి.

లోపలికి లాగే ప్రవాహం పట్టుకుంటే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. ఈత రానివాళ్లు నడుము లోతు దాటొద్దు. గుంపును జంటలుగా విడదీయండి: నీళ్లలో ఉన్నంతసేపూ మీ జంట ఎక్కడుందో మీకు తెలియాలి. ఫొటోల సంబరంలో మేము పది నిమిషాలు ఒకరిని చూసుకోలేదు. తను బోండాల కొట్టు దగ్గరే ఉంది గానీ, ఆ పది నిమిషాలూ నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి జంటలు పెట్టాం.

ఎలిఫెంట్ బీచ్‌కు రేవు నుంచి చిన్న పడవలో వెళ్తారు. స్నార్కెలింగ్‌కు, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీటి పైనే తేలుతూ లోపలికి చూడటానికి, మొదటిసారి వెళ్లేవాళ్లకు అది చాలు. పగడాల మీద కాలు పెట్టకండి, అవి రాళ్లలా కనబడే ప్రాణులు. 2010లో సముద్రం వేడెక్కి ఈ దీవుల చుట్టూ పగడాలు చాలా తెల్లబారిపోయాయి. మిగిలినవాటిని మన మడమ కింద నలిపేయకూడదు.

స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగే డైవింగ్, చేయాలనుకునేవాళ్లు గుర్తింపు ఉన్న శిక్షకుల దగ్గరికే వెళ్లండి. ఈత రాకపోయినా దింపుతారు, పక్కన ఒకరు పట్టుకునే ఉంటారు. ఆరోగ్యం గురించి ఇచ్చే కాగితం నిజాయితీగా నింపండి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం ఉంటే దాచొద్దు. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి, చెవిలో ఒత్తిడి సర్దుకోదు. దిగేటప్పుడు ముక్కు మూసి మెల్లగా ఊదుతుండాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. నీళ్లలో బొటనవేలు పైకి చూపితే "బాగుంది" అని కాదు, "పైకి తీసుకెళ్లు" అని. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. మా హైదరాబాద్ నేస్తం సంతోషం పట్టలేక బొటనవేలు చూపి, రెండు నిమిషాలకే పైకొచ్చేసింది. డైవింగ్ తర్వాత 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు, అందుకే దాన్ని మొదటి రోజుల్లోనే పెట్టుకోండి.

హావ్‌లాక్‌లో ఒక రోజు ఏ పనీ పెట్టుకోకండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. మాకు ఆ రోజే పాత మాటలన్నీ బయటికొచ్చాయి, పగలంతా చెట్టు నీడలో కూర్చున్నాం. ఎవరైనా ఒంటరిగా నడవాలంటే ఎక్కడికి, ఎన్నింటికి వస్తారు అని చెప్పి వెళ్తే చాలు. "మాతో ఉండవా" అని నిష్ఠూరాలు వద్దు.

నీల్ దీవి

తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు స్థిరపడ్డ ఊళ్లివి. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, అన్నీ రామాయణం పేర్లే. హావ్‌లాక్ నుంచి పడవలో గంట. సైకిళ్లు అద్దెకు తీసుకోండి, దీవి అంతా చిన్నదే. రాతి వంతెన దగ్గరికి ఆటు సమయానికే వెళ్లాలి, వేళ హోటల్లో అడగండి. ఆటుపోట్ల వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. గుంతల్లో చిక్కిన చేపలు, సముద్ర దోసకాయలనే ప్రాణులు కనబడతాయి. చేత్తో ఎత్తకండి. అక్కడి కూరగాయలు తాజాగా ఉంటాయి, పప్పు, చేపల పులుసు తినండి.

బారాటాంగ్ వెళ్లాలా?

బారాటాంగ్ దీవిలో సున్నపురాయి గుహలు చూడాలని చాలామంది తెల్లవారకముందే బయల్దేరతారు. రోడ్డు మార్గం జరవాలనే ఆదివాసులు ఉండే అడవి మధ్యగా పోతుంది, వాహనాలను వరసగా కాన్వాయ్‌లో పంపుతారు. జరవాలను ఫొటో తీయడం, బిస్కెట్లు ఇవ్వడం, మాట్లాడించడం నేరం. ఆదివాసుల రక్షణకు అక్కడ 1956 నుంచే చట్టం ఉంది. గాలికి పోయిన రోజు వల్ల మాకు ఈ ప్రయాణం కుదరలేదు, కుదిరినా ఇప్పుడైతే వెళ్లను. గుహల పేరు చెప్పి మనుషులు కనబడతారేమో అని కిటికీలకు అతుక్కుని కూర్చునే ప్రయాణం అది అవుతోంది. మీరు వెళ్తే ఫోన్లు సంచుల్లో పెట్టించండి, గుంపులో ఎవరు తీయబోయినా ఆపండి.

తిరుగు ప్రయాణం

ఒడ్డున ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచుల్లో ఉంటే ముందు రాత్రే తీసి సముద్రానికి ఇచ్చేయండి. చచ్చిన పగడమైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తేవడం తప్పే, విమానాశ్రయంలో సంచులు చూస్తారు. గవ్వల సామాను కొనాలనుకుంటే అనుమతి ఉన్న దుకాణంలో కొని రసీదు దగ్గర పెట్టుకోండి.

ఆ రాత్రే లెక్క తేల్చండి. మా సంచిలో చివరికి 1,340 మిగిలింది. ఆరుగురికీ పంచితే వచ్చేది చిల్లర, అందుకని మా కరీంనగర్ నేస్తం దాన్ని అలాగే దాచింది, వచ్చే ఏటి సంచికి మొదటి జమ అని పుస్తకంలో రాసింది. ఫొటోలు కూడా అందరి ఫోన్లలోంచి ఒకచోటికి ఆ రాత్రే ఎక్కించుకోండి. ఇళ్లకు చేరాక ఎవరికీ తీరదు.